కారు తాళంచెవిలో కనిపించని కాపలా
రెండు చెవులుంటే మూడోది ఇంట్లోనే. ఒక్కటే మిగిలితే ఖర్చు తప్పదు

ఒకప్పుడు కారుకు మారుతాళం కావాలంటే తాళాలు బాగుచేసే వ్యక్తి వద్ద కాసేపు కూర్చుంటే సరిపోయేది. నేటి అనేక కార్ల విషయంలో ఆ సౌలభ్యం లేదు. కొత్త చెవికి గాట్లు సరిగ్గా కోయించినా, తలుపు తెరుచుకున్నా, ఇంజను మాత్రం నడవదు. చెవి తలభాగంలో అమర్చిన ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఇందుకు కారణం.

ఈ చిప్‌కు బ్యాటరీతో పనిలేదు. తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి అందే శక్తితోనే అది తన సంకేతాన్ని పంపుతుంది. కారులోని ఇమ్మొబిలైజర్ దానిని గుర్తిస్తేనే ఇంజను నడుస్తుంది. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి, కెనడా 2007 నుంచి కొత్త కార్లకు ఈ పరికరాన్ని తప్పనిసరి చేశాయి. అమెరికా అటువంటి నిబంధన విధించలేదు. దాని పర్యవసానం 2022లో ప్రస్ఫుటమైంది. ఇమ్మొబిలైజర్ లేని హ్యుందాయ్, కియా కార్లు ఆ దేశంలో వేల సంఖ్యలో చోరీకి గురయ్యాయి. బాధిత యజమానులతో ఆ సంస్థలు 2023లో సుమారు 20 కోట్ల డాలర్ల పరిష్కార ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది.

ఇంటివద్దే ఎలా?

అమెరికాలో విక్రయించిన అనేక ఫోర్డ్ మోడళ్లలో యజమానే కొత్త చెవిని నమోదు చేసుకోవచ్చు. అయితే ఇదివరకే నమోదైన రెండు చెవులు చేతిలో ఉండాలి. మొదటి చెవిని పెట్టి ‘ఆన్’ స్థానానికి తిప్పి, కనీసం మూడు సెకన్లు ఉంచి, ఆపి తీయాలి. పది సెకన్లలోగా రెండో చెవితోనూ అలాగే చేయాలి. తర్వాత ఇరవై సెకన్లలోగా కొత్త చెవిని పెట్టి ‘ఆన్’ చేసి, కొద్ది సెకన్లు ఉంచితే కారు దానిని తన జ్ఞాపకంలో చేర్చుకుంటుంది. కొనే చిప్ ఆ మోడల్‌కు సరిపోయేదై ఉండాలి.

రెండు చెవుల షరతు వెనుక భద్రతా కారణం ఉంది. మరమ్మతుకో, పార్కింగుకో కారు అప్పగించినప్పుడు యజమాని ఇచ్చేది ఒకే చెవి. దానితో మరొకరు మారుతాళం నమోదు చేసుకునే వీలుండదు. కాని అదే షరతు, ఒక చెవి పోగొట్టుకున్న యజమానికీ అడ్డుగోడ అవుతుంది. అప్పుడు డీలరునో, ప్రత్యేక పరికరమున్న తాళాల నిపుణుడినో ఆశ్రయించక తప్పదు. పైగా ఇంటివద్ద చేసే ఈ పద్ధతి కొత్త చెవిని చేర్చుతుందే తప్ప, పోయినదానిని రద్దు చేయదు. అది దొరికినవారికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దానిని తొలగించడానికీ పరికరమే కావాలి.

మన దేశంలో దీనికి మరో ఆర్థిక కోణం ఉంది. కారు చోరీ అయినప్పుడు బీమా సంస్థలు సాధారణంగా రెండు అసలు తాళంచెవులను అప్పగించమని కోరుతాయి. ఒకటి లేకపోతే పరిహారం విషయంలో వివాదం తలెత్తే ప్రమాదముంది. కాబట్టి పాత కారు కొనేవారు, అమెరికాలోని తెలుగు విద్యార్థులైనా, ఇక్కడి మధ్యతరగతి కుటుంబాలైనా, ధర మాట్లాడే ముందే రెండు చెవులనూ చూపించమని అడగడం, రెండింటితోనూ ఇంజను నడిపి చూడడం శ్రేయస్కరం.