పొలిమేర మూసిన ఊళ్లు

2020 మార్చి చివరి వారంలో తెలుగు పల్లెల నుంచి వచ్చిన ఫోటోలు మనలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. ఊరి మొగదల రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప, దాని వెనక చేతికర్రలు పట్టుకున్న కుర్రవాళ్లు, ‘మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేము రాము’ అని రాసిన అట్టముక్క. కొన్నిచోట్ల రోడ్డునే అడ్డంగా తవ్వేశారు. అంబులెన్సులకూ సరుకుల బండ్లకూ దారి లేకుండా పోయిందని అధికారులు వాటిని తీయించవలసి వచ్చింది. ఆ ఫోటోలను వాట్సాప్‌లో పంచుకుంటూ మురిసిపోయిన ప్రవాసులు ఒక సంగతి గమనించారో లేదో: ఆ కంప ముందుగా వేసింది మనలాంటివాళ్ల కోసమే. విదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతులకు ముద్రలు వేసి, ఇళ్ల తలుపులకు నోటీసులు అంటించిన రోజులవి.

పొలిమేర కట్టడం పల్లెకు కొత్త విద్య కాదు. తెలుగునాట బాప్టిస్టు మిషనరీగా పనిచేసిన అమెరికన్ విల్బర్ థియొడోర్ ఎల్మోర్ 1915లో ప్రచురించిన గ్రామదేవతల అధ్యయనంలో పోలేరమ్మ కొలువుల గురించి విస్తారంగా రాశాడు. గత్తర గానీ మశూచి గానీ సోకినప్పుడు, బలిచ్చిన దున్నపోతు రక్తం కలిపిన అన్నాన్ని పొలిగా ఊరి ఎల్లల వెంట చల్లుకుంటూ తిరిగేవారు. నమ్మకం సంగతి పక్కన పెట్టి ఏర్పాటును మాత్రం చూడండి. ఖర్చు ఊరందరిదీ. కుమ్మరికో పని, చాకలికో పని, ఆసాదికో పని. కొలువులో రక్తంతో, బలితో ముడిపడిన బరువైన పనులు మాత్రం ఊరి బయట ఉండే దళితులవి. ఊరు మూసుకోవాలంటే ముందు ఊరంతా కూడాలి; కూడినంత మాత్రాన బరువు అందరి మీదా సమానంగా పడుతుందని కాదు.

పొలిమేర మూయడం ఒక ఎత్తు, మూసిన పొలిమేర లోపల మనుషుల్ని బతికించుకోవడం మరొక ఎత్తు. మొదటిదాన్ని మనం కట్టడి అంటాం, రెండోదాన్ని సాయం అంటాం. రెండూ వేర్వేరు విషయాలన్నట్టు మాట్లాడతాం. నా ఉద్దేశంలో అవి ఒకే పనికి రెండు ముఖాలు. ఇది బాగా అర్థం కావాలంటే మనం ఉంటున్న దేశంలోనే, నూరేళ్ల ఎడంతో, తమ ఎల్లలు మూసుకున్న కొన్ని చిన్న ఊళ్లను చూడాలి.

అందరూ ముందు చెప్పే పేరు గన్నిసన్. కొలరాడో కొండల్లో 7,700 అడుగుల ఎత్తున, పశుపోషణ మీద బతికే ఊరు. 1918లో అక్కడి జనాభా సుమారు 1,300. దేశంలో దాదాపు 6,75,000 మందిని చంపిన ఇన్‌ఫ్లుయెంజా ఆ అక్టోబరులో కొలరాడోను ఊపేస్తూంటే, గన్నిసన్ బళ్లు మూసింది, సభలు ఆపింది. కౌంటీ వైద్యుడు హాన్సన్ ఆదేశంతో కౌంటీ సరిహద్దుల దగ్గర ప్రధాన రహదారులకు అడ్డుకట్టలు వేశారు. కారులో వచ్చినవాళ్లు ఆగకుండా దాటిపోవాలి. రైలు దిగినవాళ్లు నేరుగా క్వారంటైన్‌కు వెళ్లాలి. మీరినవాళ్లను జైల్లో పెట్టారు. 1919 ఫిబ్రవరి దాకా, దాదాపు నాలుగు నెలలు ఇలా గడిచింది. ఘోరమైన ఆ కాలమంతా జబ్బు ఊరిని దాదాపుగా తాకలేదు. అదే రాష్ట్రంలో, గని కార్మికులు ఉమ్మడి బసల్లో కిక్కిరిసి బతికే సిల్వర్టన్‌లో పదోవంతు జనం పోయారు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యచరిత్రకారుడు హవర్డ్ మార్కెల్ బృందం 2006లో ఇలాంటి ‘తప్పించుకున్న’ సముదాయాలను పరిశీలించింది. గన్నిసన్‌తో పాటు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని యెర్బా బ్వేనా దీవి నౌకాదళ శిబిరం, వెర్మాంట్‌లోని ఫ్లెచర్ అనే పల్లె, పిట్స్‌బర్గ్‌లోని ఒక అంధుల పాఠశాల ఆ జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ చిన్నవి, విడిగా ఉన్నవి, పైగా అదృష్టం కూడా కలిసివచ్చి ఉండవచ్చు కాబట్టి వీటి అనుభవాన్ని పెద్ద నగరాలకు అన్వయించలేమని పరిశోధకులు హెచ్చరించారు. 2020లో గన్నిసన్ కథ మళ్లీ పత్రికలకెక్కినప్పుడు ఆ హెచ్చరికను చాలామంది వదిలేశారు. గన్నిసన్‌కు పశువులున్నాయి, గడ్డివాములున్నాయి, కొన్ని నెలలు బయటివాళ్ల ముఖం చూడకుండా బతకగల కొట్లున్నాయి. అడ్డుకట్ట వెనక గాదె ఉంది.

గాదె లేనిచోట ఏమయిందో అలాస్కా చెబుతుంది. నేడు బ్రెవిగ్ మిషన్ అని పిలిచే తీరపు పల్లెలో 1918 నవంబరు 15 నుంచి 20 లోపు, ఐదు రోజుల్లో, 80 మంది పెద్దవాళ్లలో 72 మంది చనిపోయారు. జబ్బు కుక్కబండి మీద వచ్చిన టపాతో చేరిందంటారు. ఆ యేడు అలాస్కా పల్లెల్లో చావులన్నీ నేరుగా వైరస్ వల్ల కాదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచం పడితే పొయ్యిలో నిప్పు ఆరిపోతుంది; మంచు కరిగించి నీళ్లిచ్చే చేయి ఉండదు; వేటకు వెళ్లేవాడు ఉండడు. చలి, ఆకలి మిగతా పని పూర్తిచేశాయి. ఒక గిన్నె గంజి, రెండు కట్టెపుల్లలు అందించే పొరుగువాడుంటే బతికేవాళ్లు ఎందరో ఉండేవారు. అదే ద్వీపకల్పంలోని షిష్మరెఫ్ ముందే దారుల మీద కాపలా పెట్టుకుని జబ్బును రానివ్వలేదు.

ఇక 2020. మార్చిలో గన్నిసన్ కౌంటీ తలరాత తిరగబడింది. అక్కడి క్రెస్టెడ్ బ్యూట్ ఇప్పుడు మంచుక్రీడల కేంద్రం. సెలవులకు వచ్చిన జనంతో జబ్బూ వచ్చింది. కొలరాడోలో తొలుత ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాల్లో అదొకటయింది. కౌంటీ మళ్లీ ఎల్లలు మూయబోయి, స్థానిక నివాసులు కాని ఇళ్ల యజమానులను వెళ్లిపొమ్మంది. అక్కడ వేసవి ఇళ్లు కొనుక్కున్న టెక్సస్‌వాళ్లు గొల్లుమన్నారు. టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ అభ్యంతరం చెబుతూ ఏప్రిల్‌లో ఉత్తరం రాశారు. ఇల్లుండీ, పన్ను కట్టీ, ఊరివాడు కాకపోవడం ఏమిటన్నది వారి ప్రశ్న. సరిగ్గా అదే నెలలో గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకున్న వేలాది ఉత్తరాంధ్ర జాలరుల ప్రశ్న దీనికి తలకిందులుగా ఉంది: ఊరివాళ్లమై ఉండి ఊరికి ఎందుకు రాలేకపోతున్నాం? ఏప్రిల్ చివర వారిని బస్సుల్లో తీసుకొచ్చారు. మూసిన పొలిమేర ముందు ఎప్పుడూ వచ్చే చిక్కు ఇదే. ఊరివాడెవరో మామూలు రోజుల్లో ఎవరూ తేల్చి చెప్పనక్కరలేదు, ఆ రోజు చెప్పాలి.

దక్షిణ డకోటాలోని షయాన్ నది రిజర్వేషన్ ఈ చిక్కును మరోవిధంగా పరిష్కరించింది. (రిజర్వేషన్ అనగానే మనకు కోటాలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ ఆ మాటకు ఆదివాసీ జాతులకు మిగిల్చిన నేల అని అర్థం.) అక్కడి లకోటా జాతివారికి ఉన్నది ఎనిమిది మంచాల ఆసుపత్రి, ఐసీయూ కావాలంటే మూడు గంటల ప్రయాణం. అందుకని ఏప్రిల్‌లో రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టారు. వచ్చినవారిని ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. సరుకుల బండ్లనూ అత్యవసర వాహనాలనూ పోనిచ్చేవారు. కంప కాదు, పలకరింపు. మే 8న గవర్నర్ క్రిస్టి నోయెమ్ 48 గంటల్లో వాటిని తీసేయమన్నారు. జాతి అధ్యక్షుడు హెరాల్డ్ ఫ్రేజియర్ తీయనన్నారు. మన పల్లెల్లో కంప తీయించిన తహసీల్దారు పక్షాన న్యాయం ఉందనే అంటాను. ఇక్కడ మాత్రం నా ఓటు చెక్‌పోస్టుకే.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగి చూడవలసింది నావహో నేషన్. తమను తాము దినే అని పిలుచుకునే ఈ జాతి నేల అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల మీదుగా 27,000 చదరపు మైళ్లు పరుచుకుని ఉంది; తెలంగాణలో సగానికి మించిన విస్తీర్ణం. అందులో ఉండేది సుమారు 1,70,000 మంది. కిరాణా దుకాణాలు 13. దాదాపు 30 శాతం ఇళ్లకు కుళాయి లేదు. పీపాలు ట్రక్కుకెత్తుకుని మైళ్ల కొద్దీ వెళ్లి నీళ్లు తెచ్చుకోవాలి. సుమారు 15,000 ఇళ్లకు కరెంటు లేదు. అవ్వ, తాత, కొడుకులు, మనవలు ఒకే కప్పు కింద ఉంటారు. చేతులు కడుక్కోండి, విడిగా ఉండండి, వారానికోసారే దుకాణానికి వెళ్లండి అన్న మూడు సలహాలూ ఆ ఇళ్లలో దాదాపు అర్థం లేనివే.

మార్చి 17న మొదటి కేసు తేలింది. 20న ఇళ్లు కదలవద్దన్నారు, నెలాఖరుకు రాత్రి కర్ఫ్యూ పెట్టారు, ఏప్రిల్ 10 నుంచి వారాంతాల్లో శుక్రవారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 5 దాకా 57 గంటల కర్ఫ్యూ విధించారు. అమెరికాలో అంత కఠినమైన కట్టడి అరుదు. అయినా మే నెల మధ్యకు వచ్చేసరికి జనాభా నిష్పత్తిలో కేసులు న్యూయార్క్ రాష్ట్రాన్ని మించిపోయాయి. ఎందుకంటే పొలిమేర ఒకచోట, గాదె మరొకచోట ఉన్నాయి. చాలామంది సరుకులకు వెళ్లవలసింది నేషన్ బయట ఉన్న గాలప్ లాంటి పట్టణాలకు. మే 1న న్యూ మెక్సికో గవర్నర్ గాలప్ దారులన్నీ మూయించారు. ఆ పట్టణాన్ని కాపాడడానికి అది అవసరమే కావచ్చు. కాని దుకాణం ఒకరి పొలిమేరలో, వంటిల్లు మరొకరి పొలిమేరలో ఉంటే కట్టడి ఆకలవుతుంది.

ఆ ఖాళీలోకి వచ్చిందే నావహో, హోపి కుటుంబాల సహాయనిధి. నేషన్‌కు అంతకుముందు అటార్నీ జనరల్‌గా చేసిన ఎథెల్ బ్రాంచ్, మొదటి కేసు తేలడానికి రెండు రోజుల ముందే, మార్చి 15న దీన్ని ఇంటర్నెట్‌లో మొదలుపెట్టారు. దుకాణాల్లో అరలు ఖాళీ అవుతూంటే ముసలివాళ్ల గతేమిటన్నది అప్పటి ఆందోళన. నడిపినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. రెండు వారాలకు సరిపడే పిండి, బంగాళదుంపలు, కూరగాయలు, తాగునీళ్లు పెట్టెల్లో సర్ది, చేతికి చేయి తగలకుండా అప్పగించే పద్ధతి ఏర్పరచుకున్నారు. చిరునామా అనేదే లేని ఇళ్లకు చేర్చడం ఊహించుకోండి: ఫలానా గుట్ట దాటాక, మట్టిరోడ్డు చీలినచోట ఎడమకు. దారి తెలిసినవాడు ఆ ప్రాంతపు మనిషే అయివుండాలి. దినేలలో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ముందు తమ నాలుగు వంశాల పేర్లు చెప్పుకుంటారు. తల్లిది మొదట, తరువాత తండ్రిది, ఆపైన తాతలవి. మన ఇంటిపేరు, గోత్రం చెప్పుకోవడం లాంటిదే. వావి తేలగానే బాధ్యత కూడా తేలుతుంది. దీన్ని వారు ‘కే’ అంటారు. ఏ అవ్వ ఎక్కడ ఒంటరిగా ఉందో ప్రభుత్వ జాబితాకంటే ముందు ఈ వావి లెక్కకు తెలుసు.

ముసలివాళ్ల మీద ఇంత పట్టుదల జాలితో వచ్చింది కాదు. భాష, పాటలు, చికిత్సా కర్మలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లు పోతే పుస్తకాల్లో వెతుక్కోవడానికి కూడా మిగలదు. 2021 వసంతానికి టీకాలు వేయించుకోవడంలో నావహో నేషన్ దేశపు సగటును దాటింది.

ప్రభుత్వం మాటేమిటి? ఫెడరల్ ప్రభుత్వం మార్చిలో ఆదివాసీ జాతులకని కేటాయించిన 800 కోట్ల డాలర్లలో తొలి వాటా అందేసరికి మే వచ్చింది. మధ్యలో కోర్టు వ్యాజ్యాలు. ఈలోగా ‘హద్దులెరుగని వైద్యులు’ సంస్థ, సాధారణంగా యుద్ధభూములకు వెళ్లేది, తన బృందాన్ని ఇక్కడికి పంపింది. సహాయనిధికి ఐర్లండు నుంచి వేలాది చిన్న విరాళాలు వచ్చిపడ్డాయి. 1847లో ఐర్లండు బంగాళదుంపల కరువులో మాడుతున్నప్పుడు, అంతకు పదిహేనేళ్ల కిందటే సొంత నేల నుంచి వెళ్లగొట్టబడి దారిలో వేలమందిని పోగొట్టుకున్న చోక్టా జాతి 170 డాలర్లు పోగుచేసి పంపింది. ఆ బాకీని 173 ఏళ్ల తరువాత ఐరిష్‌వారు తీర్చుకున్నారు, ఇచ్చిన చోక్టాలకు కాదు, అవసరంలో ఉన్న నావహోలకు, హోపీలకు. మన పల్లెల్లో చేబదులుకు కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, మరిచిపోవడమూ ఉండదు. దానం ఇచ్చినవాడిని పైన, పుచ్చుకున్నవాడిని కింద నిలబెడుతుంది. చేబదులులో రేపు ఇద్దరూ స్థానాలు మార్చుకోవచ్చు.

ప్రవాసంలో మనకు ఆ వసంతంలో ఇలాంటివే కొన్ని అలవడ్డాయి. విజిటర్ వీసా మీద వచ్చి విమానాలు ఆగిపోయి చిక్కుకున్న తల్లిదండ్రులకు బీపీ మాత్రలు సంపాదించడం, హాస్టళ్లు ఖాళీ చేయమన్న విద్యార్థులకు గది చూపించడం, జబ్బుపడిన ఇంటి గుమ్మంలో క్యారేజీ పెట్టి కారులోంచి ఫోన్ చేయడం. చాలావరకు జాతీయ సంఘాల కంటే కాలనీ వాట్సాప్ గుంపులు ముందు కదిలాయి. అయితే మన జాబితాలో ఉన్నది ఎక్కువగా మనవాళ్లే. మన ఊళ్లలోనూ కంప ఊరికీ పొరుగూరికీ మధ్యనే పడింది గానీ, ఊరికీ వాడకీ మధ్య ఉన్న పాత గీత అలాగే ఉంది. ‘సామాజిక దూరం’ అన్న మాట అక్కడ 2020లో పుట్టింది కాదు.

సరుకుల పెట్టెలు చేరవేసిన చేతులు నీటి గొట్టాలు వేయలేవు. 1868 ఒప్పందం ప్రకారం తమ నేలకు నీటిని సమకూర్చే బాధ్యత ఫెడరల్ ప్రభుత్వానికి ఉందని నావహో నేషన్ వేసిన దావా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఆ ఒప్పందం కింద నీటి కోసం క్రియాశీల చర్యలు చేపట్టవలసిన బాధ్యత ప్రభుత్వానికి లేదని 2023 జూన్ 22న కోర్టు 5–4 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆనాటికి కూడా అక్కడ వేల ఇళ్లకు నీళ్లు ట్రక్కు మీద, పీపాల్లోనే వస్తున్నాయి.