గ్రౌండ్‌లో గుట్ట

మన గ్రౌండ్‌లో లాంగాన్ దగ్గర వేపచెట్టుంది కదా! బంతి దానికి తగిలితే రెండు పరుగులే అని మనమే రూలు పెట్టుకున్నాం. బయటి టీములు వస్తే గొడవే.

ఇంతకంటే చిత్రమైన గ్రౌండ్ ఒకటి అమెరికాలో ఉండేది. మన సీనియర్లు ఎమ్మెస్‌కి వెళ్లే ఆస్టిన్‌లో, టెక్సస్ యూనివర్సిటీ బేస్‌బాల్ ఆడిన క్లార్క్ ఫీల్డ్. 1928లో మొదలైంది. బ్యాటర్‌కి ఎదురుగా, మైదానం చివర్లో, మనిషిని మించిన ఎత్తున సున్నపురాయి గుట్ట. దాన్ని తవ్వేయలేదు, మేకపోతు పేరు పెట్టి బిల్లీ గోట్ హిల్ అని పిలుచుకున్నారు.

అసలు తిరకాసు ఏంటంటే, గుట్ట మీద పడ్డా బంతి ఆటలో ఉన్నట్టే. ఫీల్డర్ సన్నటి కాలిబాట పట్టి పైకి ఎగబాకాలి. ఈలోపు బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టేసి రావొచ్చు. సొంత టీముకి ఆ బాట అలవాటే. వచ్చినవాళ్లకే తిప్పలు.

1975లో కొత్త స్టేడియం వచ్చింది. పాత కోచ్‌లు బిల్లీ డిష్, బిబ్ ఫాక్ పేర్లు కలిపి డిష్-ఫాక్ ఫీల్డ్ అన్నారు. కృత్రిమ గడ్డి, చదునైన నేల. పాత చోట ఇప్పుడు కళాప్రదర్శనల భవనం ఉంది.

చదునుగా ఉంటే ఇద్దరికీ న్యాయం. సివిల్ స్టూడెంట్‌గా నేను కాదనను. కానీ ఆ గుట్ట ఎక్కడం నేర్చుకున్న కాళ్లకి కొత్త గ్రౌండ్‌లో పనేం మిగిలింది?

ఈ వేసవిలో మన గ్రౌండ్ కూడా చదును చేస్తారట. లెవెల్స్ తీసింది మా బ్యాచే. డ్రాయింగ్‌లో వేపచెట్టు చుట్టూ నేనో సున్నా చుట్టి, 'ఉంచాలి' అని రాశాను. సార్ ఇంకా తుడిపేయలేదు.