నిండు గ్లాసు తొణికితే...

నిండుకుండ తొణకదంటారు. నిండు గ్లాసు మాత్రం తొణుకుతుంది! ఆ సంగతి హోటల్లో టీ, షర్బత్‌లు మోసేవారిని అడగాలి.

తిరుపతి వెళ్లే బస్సులు, అహోబిలం యాత్రికుల జీపులు... నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా సాగే దారిలోని హోటళ్లకు తీరికెక్కడిది? బండి ఆగేది కాసేపే. ఆలోపే ఇరుకు బల్లల మధ్య నుంచి పొగలు కక్కే గ్లాసులు చేరాలి. ఒక్కటి ఒలికిందా, యాత్రికుడి పంచె మరకతో పోతుంది. చెయ్యి కాలేది మాత్రం మోసేవాడికే.

అందుకే ఈ పనికీ కిటుకులున్నాయి. ట్రేను అంచు పట్టుకుని మోస్తే మణికట్టు ఇట్టే అలిసిపోతుంది. అరచేతిని అడుగున సరిగ్గా మధ్యలో ఆనించి వేళ్లు విప్పి పట్టాలి. పొడవైనవి, బరువైనవి నడుమ పెట్టి, తేలికవి అంచుల్లో సర్దాలి. పెట్టేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కొంప మునిగేది తీసేటప్పుడే! ఒకే పక్కనుంచి వరసగా తీస్తే రెండో పక్క బరువెక్కి ట్రే ఒరిగిపోతుంది. ఇటొకటి, అటొకటి తీయాలి.

ఎండాకాలం వస్తే నన్నారి షర్బత్‌తో మరో తంటా. నల్లమలలో దొరికే సుగంధిపాల వేళ్లతో చేసే ఆ చల్లటి పానీయం పోయగానే గ్లాసుకు చెమ్మ పట్టి జారిపోతుంటుంది. ట్రేలో పలుచని తడిగుడ్డ పరిస్తే కదలదు. ఇక నీళ్ల గ్లాసుల్లో వేళ్లు ముంచి నాలుగేసి పట్టుకొచ్చే అలవాటు... చూస్తేనే దాహం చచ్చిపోతుంది! గ్లాసును అడుగున పట్టుకోవడానికి పట్టే సమయం ఎంతని?

నడక మీదా పరిశోధన జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్రెచెట్నికోవ్, మేయర్ అనే ఇద్దరు కాఫీ ఎందుకు ఒలుకుతుందో లెక్కగట్టారు. మన అడుగుల లయ, కప్పులో కాఫీ ఊగే లయ దాదాపు ఒకటేనట. ఊగుతున్న ఉయ్యాలను సరిగ్గా వేళకు తోసినట్టు అడుగడుగుకీ ఊపు పెరుగుతుంది. కాబట్టి విసురుగా బయల్దేరకూడదు, నిదానంగా నడవాలి. నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ 2012లో వీరికి దక్కింది.

మన వీధుల్లో టీ గ్లాసులు మోసే ఇనుప తీగల స్టాండు ఈ చిక్కును ఏ పరిశోధనా లేకుండానే తీర్చేసింది. పైనున్న పిడి పట్టుకుంటే స్టాండు లోలకంలా ఊగుతుంది. దాంతోపాటే గ్లాసులూ వాలతాయి, టీ మాత్రం అంచు దాటదు.

ఆ స్టాండు పట్టుకొచ్చేవారి వయసు కూడా చూడాలి. హోటళ్లు, టీ దుకాణాల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. అలాంటి పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్ చేసి చెప్పొచ్చు.