ముద్ర లేని వాగ్గేయకారుడు: వంగపండు ప్రసాదరావు పాటలో కర్తృత్వ సమస్య

1. ప్రవేశిక

జానపద గేయానికి లక్షణాలు చెప్పేటప్పుడు మౌఖిక ప్రసారం, పాఠాంతరాలు, సామూహికతలతో పాటు అజ్ఞాతకర్తృత్వాన్ని కూడా పేర్కొనడం పరిపాటి. ఈ లక్షణాన్ని అక్షరాలా పాటిస్తే, కర్త తెలిసిన పాట జానపదం కాకుండా పోతుంది. పాటను జానపదంగా అంగీకరిస్తే కర్త పేరు మరుగున పడుతుంది. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న కవి వంగపండు ప్రసాదరావు (1943–2020). ఆయన పాట ప్రచారం పొందిన తీరులోనే ఆయన పేరు వెనుకబడడానికి కారణం ఉందని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. జీవిత నేపథ్యం

వంగపండు స్వగ్రామం పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లి. ఆ ప్రాంతం నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించిన తరువాత శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం తీవ్రరూపం దాల్చింది. అప్పటికి వంగపండు ఇరవై నాలుగేళ్ల యువకుడు. ఆ ఉద్యమ ప్రచారానికి జముకులకథను వినియోగించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969లో మరణించాడు. గ్రామాల్లో కథాగానానికి వాడుతూ వచ్చిన ప్రక్రియను సమకాలీన రాజకీయాంశానికి వాహికగా మలచవచ్చునన్న నమూనా ఆ విధంగా వంగపండు తరానికి అందుబాటులోకి వచ్చింది.

1972లో ఏర్పడిన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో గద్దరుతో పాటు వంగపండు కూడా ఉన్నారు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఆయన ఉద్యోగం చేశారు. పల్లె పదానికి కర్మాగార జీవితానుభవం తోడైన ఫలితాన్ని ‘యంత్రమెట్ల నడుస్తూ ఉందంటే’ అన్న ప్రసిద్ధ గేయంలో గమనించవచ్చు. యంత్రం నడకను శ్రామికుని శ్రమతో ముడిపెట్టిన ఈ రచన, జానపద ఫణితి వ్యవసాయ జీవితానికే పరిమితమన్న అభిప్రాయాన్ని సవరించుకోవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

3. పిలుపులోని వ్యాకరణం

వంగపండు రచనల్లో అత్యధిక ప్రచారం పొందినది ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. శీర్షికలోని మాటలను మాత్రమే పరిశీలించినా ఆయన రచనా పద్ధతి తెలుస్తుంది. ‘వెళ్దాం’ అన్న రూపంలో పదాది వకారం లోపించింది, ళకారం లకారమైంది, దీర్ఘం హ్రస్వమైంది. ‘వస్తావా’ అన్నది ‘వస్తవ’గా కుదించుకుపోయింది. ఇది ఉత్తరాంధ్ర వ్యవహారానికి చెవి ఒగ్గి కూర్చిన పదబంధం. శిష్టరూపంలోకి మార్చి ‘వెళ్దాం వస్తావా’ అని ముద్రిస్తే అర్థం మిగులుతుంది కాని, మాత్రల లెక్క మారి నడక దెబ్బతింటుంది.

అంతకన్నా ముఖ్యమైనది క్రియల ఎంపిక. సంబోధన ఏకవచనం, ‘వెళ్దాం’ అన్న క్రియ మాత్రం వక్తను, శ్రోతను కలుపుకున్నది. ‘వెళ్ళు’ అని ఆజ్ఞాపిస్తే వక్త వెనుక నిలిచిపోతాడు. ఇక్కడ పాడేవాడు తానూ బయలుదేరుతున్నాడు. ఆ వెంటనే వచ్చే ‘వస్తావా’ అన్న ప్రశ్న నిర్ణయాన్ని శ్రోతకే విడిచిపెడుతుంది. చనువుతో కూడిన ఈ పలకరింపును వంగపండు ఉద్యమాహ్వానంగా మలిచారు. పిలుపు పాడినవాడిదైతే, బదులు విన్నవారిది. అందువల్ల వంతపాడే ప్రతి సమూహమూ ఆ పాటను తనదిగా భావించడానికి అవకాశం కలిగింది.

4. ముద్ర, కర్తృత్వం

తెలుగు వాగ్గేయకార సంప్రదాయంలో కర్తృత్వాన్ని కాపాడిన సాధనాలు రెండు. మొదటిది చరణంలో నిలిచే ముద్ర. అన్నమయ్య పదానికి వేంకటేశ ముద్ర, త్యాగరాజ కృతికి కవి నామముద్ర గుర్తింపును ఇచ్చాయి. రెండవది భద్రపరచే వ్యవస్థ. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులపై నిలిచాయి. త్యాగరాజ కృతులను శిష్యపరంపర మోసుకొచ్చింది.

‘ఏం పిల్లడో’ పాటలో ముద్ర లేదు. ఉండడానికి వీలూ లేదు. సమూహం తన మాటగా పాడుకోవలసిన ఆహ్వానంలో ఒక వ్యక్తి పేరు చేరితే ఆ ‘మనం’ చెదిరిపోతుంది. 1986లో వచ్చిన ‘అర్ధరాత్రి స్వాతంత్ర్యం’ చలనచిత్రం ద్వారా ఈ పాట సభల పరిధి దాటి మరింత విస్తృత శ్రోతృలోకానికి చేరింది. పాట ఎంత దూరం వెళ్తే కర్త అంత దూరమవుతాడన్నది మౌఖిక ప్రసార స్వభావం. కాబట్టి వంగపండు పేరు వెనుకబడడాన్ని కేవలం లోకుల మరపుగా భావించరాదు. ఆ పాట నిర్మాణమే అందుకు దారి చూపింది. కవిగా అది ఆయన సాధించిన విజయం. సాహిత్య చరిత్రకు మాత్రం అది నష్టం.

5. పరిశోధకుల బాధ్యత

ముద్ర చేయని పనిని ఇక్కడ పరిశోధకుడు చేయవలసి ఉంటుంది. పాటను సేకరించినప్పుడు పాఠంతో పాటు పాడినవారు, స్థలం, సందర్భం, వరుస, వంతపద్ధతి నమోదు కావాలి. ప్రాంతాన్ని బట్టి మారిన మాటలను దోషాలుగా దిద్దకుండా పాఠాంతరాలుగా నిలపాలి. కర్త తెలిసిన పాట కింద ‘జానపదం’ అని మాత్రమే రాసి ఊరుకోవడం సమంజసం కాదు. ‘జానపద ఫణితి, రచన: వంగపండు’ అన్న నమోదు అటు సంప్రదాయానికీ ఇటు వ్యక్తికీ న్యాయం చేస్తుంది.

6. ముగింపు

2020 ఆగస్టు 4న వంగపండు కన్నుమూశారు. కర్త గొంతులో ఆ పాటలను కొత్తగా వినే అవకాశం ఆనాటితో ముగిసింది. ఆయనతో కలిసి వంతపాడినవారి జ్ఞాపకాలు, ధ్వనిముద్రణలు ఇప్పుడు ప్రాథమిక ఆధారాలు. అచ్చుప్రతి ఒక్కటే ముందుంచుకొని చేసే పరిశీలన ఆ పాటలో సగాన్నే చూడగలదు. అజ్ఞాతకర్తృత్వం జానపద గేయానికి సహజ లక్షణం కావచ్చు. కర్త తెలిసి కూడా పేరు రాయకపోవడం మాత్రం పరిశోధనలో లోపమే. ఆధారాలు అందుబాటులో ఉన్నప్పుడే ఆ లోపాన్ని సవరించుకోవడం మన తరం కర్తవ్యం.