గ్రీన్ కార్డు వెనక ఒక పెద్దాయన

మా అక్క కొడుక్కి పోయిన నెల అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చింది. ఆ దేశంలో శాశ్వతంగా ఉండొచ్చని సర్కారు ఇచ్చే కార్డు అది. దానికోసం వాడు పన్నెండేళ్లు ఎదురుచూసిండు. షోలాపూర్‌లో మా చాళీ అంతా సంబరమే. అక్క మార్కండేయ గుడిలో కొబ్బరికాయ కొట్టి, ఇంటింటికీ పేడాలు పంచింది. కాలేజీలో చదివే నా మనవరాలు పేడా నోట్లో వేసుకుంటూ, "అమ్మమ్మా, దేవుడికి కొబ్బరికాయ సరే. ఆ తలుపు తీసిన మనిషి ఒకాయన ఉన్నడు. ఆయన పేరు మీలో ఒక్కరికన్నా తెలుసా?" అన్నది.

ఎవరికీ తెలియదు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. అది ఇంగ్లీషులో చదివి చెప్తుంటే వారం రోజులు కూర్చుని నోటుబుక్కులో రాసుకున్న. అన్ని ఊళ్లలో ఉన్న మన మిల్లు కుటుంబాలవాళ్లకు చెప్పదగ్గ కథ అనిపించింది.

ఆయన పేరు ఇమాన్యుయేల్ సెల్లర్. అమెరికావాళ్ల పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. మన కాంగ్రెస్ పార్టీకీ దానికీ సంబంధం లేదు. అందులో కింది సభ మన లోక్‌సభ లాంటిది, కానీ రెండేళ్లకోసారి ఎన్నిక. సెల్లర్ ఆ సభకు వరసగా 25 సార్లు గెలిచాడు. 1923 నుంచి 1973 దాకా, దాదాపు 50 ఏళ్లు.

1888లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. యూదుల కుటుంబం. తాతలు జర్మనీ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. పిల్లవాడు కాలేజీలో ఉండగానే తండ్రి పోయాడు, కొన్ని నెలలకే తల్లీ పోయింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఇంటింటికీ తిరిగి వైన్ అమ్మకం. అట్లా ఇల్లు నడుపుతూనే లా చదివి 1912లో పట్టా తీసుకున్నాడు.

1922 ఎన్నికల్లో గెలిచి సభలోకి పోయేసరికి అక్కడ ఒక పెద్ద గొడవ నడుస్తోంది. బయటి దేశాలవాళ్లు చాలామంది వచ్చేస్తున్నారు, ఆపాలి అని. 1924లో దానికి ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం చేసిన పని వినండి. 1890 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవాళ్లు అమెరికాలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో 100కు 2 చొప్పున మాత్రమే ఏడాదికి ఆ దేశం నుంచి రానివ్వాలి. 1924లో కూర్చుని 1890 లెక్క ఎందుకు తీశారు? ఇటలీవాళ్లు, పోలండ్, రష్యా యూదులు ఎక్కువగా వచ్చింది 1890 తర్వాతే. పాత లెక్క తీస్తే వాళ్ల వంతు దానంతటదే తగ్గిపోతుంది. కొలమానం మార్చి కూలి తగ్గించడం మిల్లులో మనం చూడని ముచ్చటా?

మన ఆసియావాళ్లకైతే ఆ వంతు కూడా లేదు. 1923లోనే అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. పౌరసత్వానికి పనికిరానివాళ్లు దేశంలో స్థిరపడడానికే రాకూడదని 1924 చట్టం అన్నది.

సెల్లర్ సభకు కొత్త. ఆయన వాడలో ఎక్కువమంది యూదులు, ఇటలీవాళ్లు. సభలో ఆయన మొదటి పెద్ద ఉపన్యాసం ఈ చట్టం మీదే. మనుషులను పుట్టిన దేశాన్ని బట్టి మేలు రకం, నాసి రకం అని వేరు చేయకూడదని వాదించాడు. చట్టానికి అనుకూలంగా 323 ఓట్లు, వ్యతిరేకంగా 71. చిత్తుగా ఓడిపోయాడు.

ఓడిపోయినా ఆ మాట వదల్లేదు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడలో 900 మందికి పైగా జనం, ఎక్కువమంది యూదులు, హిట్లర్ బాధ పడలేక వచ్చారు. అమెరికా తీరం కనిపించేంత దగ్గరికి వచ్చినా దిగనివ్వలేదు, ఓడ వెనక్కి పోయింది. వాళ్లలో 254 మంది తర్వాత యూరప్‌లో చనిపోయారు. తలుపు మూసే చట్టం అంటే కాగితం మీది అంకె కాదని సెల్లర్ ఆ యుద్ధకాలమంతా తన సర్కారుతోనే పోట్లాడాడు.

1946లో మొదటిసారి మనకోసం ఒక చట్టం గెలిచాడు. ఆయనతో కలిసి దాన్ని నడిపింది క్లేర్ బూత్ లూస్ అనే మహిళా సభ్యురాలు. ఆమెది వేరే పార్టీ. ఇద్దరి పేర్లతో దాన్ని లూస్-సెల్లర్ చట్టం అంటారు. భారతీయులు పౌరులు కావచ్చు, ఏడాదికి 100 మంది రావచ్చు అని అందులో ఉంది. 100 మందే! మా చాళీలో ఒక వరస ఇళ్లవాళ్లు అంతకన్నా ఎక్కువుంటారు. అయినా ఆ సందులోంచే దలీప్ సింగ్ సౌంద్ అనే పంజాబీ ఆయన 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి అదే సభకు గెలిచాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోదకాలుకు మందు కనిపెట్టిన మహానుభావుడు. ఆయన పాతికేళ్లు అమెరికాలో పనిచేసి, పరాయి దేశస్థుడిగానే 1948లో అక్కడ కన్నుమూశారు.

1952లో ఇంకో చట్టం వచ్చి పాత వంతుల పద్ధతినే నిలబెట్టింది. అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టనన్నా కాంగ్రెస్ వినలేదు. సెల్లర్ మళ్లీ ఓడిపోయాడు. చివరికి 1965లో, ఆయనకు 77 ఏళ్లప్పుడు, దేశాలవారీ వంతులు ఎత్తేసే చట్టం ఆయన పేరు మీద, సెనేటర్ ఫిలిప్ హార్ట్ పేరు మీద వచ్చింది. ఈసారి సభలో అనుకూలం 318, వ్యతిరేకం 95. అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చుని సంతకం పెట్టాడు. 1924లో మొదలైన కొట్లాట 41 ఏళ్లకు తీరింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆసియావాళ్లకు ఇక్కడ చుట్టాలు తక్కువ కాబట్టి పెద్దగా రారు అని సెల్లరే సభలో నచ్చచెప్పాడు. మనవాళ్లు చదువు పట్టుకుని వచ్చారు, తర్వాత చుట్టాలను పిలిపించుకున్నారు. 1960లో అమెరికాలో భారతదేశంలో పుట్టినవాళ్లు సుమారు 12,000. 2019 నాటికి సుమారు 27 లక్షలు. వాళ్లలో తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అదే చట్టం ఒక్కో దేశానికి ఇంతే అని కొత్త హద్దు కూడా పెట్టింది. ఆ హద్దు లెక్క మారుతూ వచ్చినా ఇప్పటికీ ఉంది. మా అక్క కొడుకు పన్నెండేళ్లు వరసలో నిలబడ్డది అందుకే.

సెల్లర్ చేసినది ఇదొక్కటే కాదు. సభలో న్యాయ వ్యవహారాల కమిటీకి 20 ఏళ్లకు పైగా అధ్యక్షుడు. నల్లవాళ్లకు హోటళ్లలో, ఉద్యోగాల్లో వివక్ష కూడదన్న 1964 పౌర హక్కుల చట్టాన్ని సభలో ముందుండి నడిపించింది ఆయనే.

ఇక్కడిదాకా రాసి, "ఎంత మంచి మనిషి!" అన్న. మనవరాలు, "ఆగు అమ్మమ్మా, ఇంకా ఉంది" అన్నది.

ఆ 1964 చట్టం మీద చర్చలో ఒక సభ్యుడు లేచి, ఉద్యోగాల్లో ఆడవాళ్ల పట్ల కూడా వివక్ష కూడదని చేర్చమన్నాడు. ఆయన ఆ చట్టానికే శత్రువు. సెల్లర్ ఆ చేర్పు వద్దన్నాడు. మా ఇంట్లో చివరి మాట నాదే, ఆ మాట "సరేనమ్మా" అని హాస్యమాడాడు. సభంతా నవ్వింది. అప్పుడు మార్తా గ్రిఫిత్స్ అనే సభ్యురాలు లేచి, ఆడవాళ్లంటే మీకెంత చులకనో ఈ నవ్వే చెప్తోందన్నట్టు మాట్లాడింది. చేర్పు 168–133 ఓట్లతో గెలిచింది.

ఆడ, మగ హక్కులు సమానమని రాజ్యాంగంలోనే రాయాలని ఇంకో బిల్లు ఉండేది. దాన్ని మొదట కాంగ్రెస్‌లో పెట్టింది 1923లో, అంటే సెల్లర్ సభకు వచ్చిన ఏడే. ఆయన కమిటీ అధ్యక్షుడయ్యాక అది కమిటీ దాటి రాకుండా ఏళ్ల తరబడి ఆపేశాడు. 1970లో అదే గ్రిఫిత్స్ 218 మంది సభ్యుల సంతకాలు కూడగట్టి, ఆయన చేతిలోంచి గుంజుకుని సభ ముందు పెట్టింది.

ఆయన చెప్పిన కారణం: సమానం అంటే, కూలి ఆడవాళ్లకున్న రక్షణ చట్టాలు పోతాయి. పని గంటలు, మోసే బరువులు, వీటి మీద ఉన్న హద్దులు పోతాయి. చాలాకాలం అక్కడి యూనియన్లు కూడా అదే అన్నాయి.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిన. నేను వైండింగ్ ఖాతాలో పనిచేసిన. మన 1948 ఫ్యాక్టరీ చట్టంలో ఆడవాళ్లతో పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకే పని చేయించాలని ఉండేది. మా మంచికే అనుకున్నం. తర్వాత మా మిల్లులో కొత్త మిషన్లు తెచ్చి మూడు పాళీలు అన్నరు. రాత్రి పాళీకి మీరు రాకూడదు కదమ్మా అని మా మిషన్ల మీద మగవాళ్లను పెట్టిండ్రు. మా ఖాతాలో సగానికి పైగా ఆడవాళ్లు ఇంటికొచ్చి బీడీలు చుట్టుకున్నరు. సెల్లర్ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ మీ మంచికే అంటూ తీసుకున్న ఆ నిర్ణయం మమ్మల్ని అడిగి తీసుకున్నది కాదు. ఆయన కూడా అడగలేదు.

1972లో బ్రూక్లిన్‌లో ఎలిజబెత్ హోల్ట్స్‌మన్ అనే 30 ఏళ్ల ఆడపిల్ల, ఆయన పార్టీలోనే ఆయన మీద పోటీకి నిలబడింది. ఆయనకు 84. పళ్ల పుల్లతో పెద్ద స్తంభాన్ని పడగొట్టాలని చూస్తోందని ఎగతాళి చేశాడు. నియోజకవర్గంలో ఆయనకు ఆఫీసు కూడా లేదు. ఆ పిల్ల సినిమా టికెట్ల లైన్ల దగ్గరికి పోయి ఒక్కొక్కరితో మాట్లాడింది. ఆడవాళ్ల బిల్లును ఆయన ఆపిన సంగతి చెప్పింది. సుమారు 600 ఓట్లతో గెలిచింది. తర్వాత ఆయన ఏలిన ఆ కమిటీలోనే కూర్చుని, 1974లో అధ్యక్షుడు నిక్సన్ మీద అభిశంసనకు ఓటు వేసింది. సెల్లర్ 1981 జనవరిలో బ్రూక్లిన్‌లోనే చనిపోయాడు. 92 ఏళ్లు బతికాడు.

దూరదేశాల మనుషులకోసం 41 ఏళ్లు తలుపు కొట్టిన మనిషికి, సొంత వాడలో ఆడవాళ్లు కొడుతున్న తలుపు వినబడలేదు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన లేకపోతే అక్క ఇంట్లో పేడాలు లేవు. కానీ 50 ఏళ్లు ఒకే కుర్చీలో కూర్చుంటే చెవులు మందగిస్తాయి. మన సమాజం కమిటీల్లోనూ ఏళ్ల తరబడి కుర్చీ దిగని పెద్దలున్నారు. మంచి పనులు చేసినవాళ్లే. ఈసారి మా చాళీ నుంచి బీడీలు చుట్టే ఒక కోడలుపిల్ల కమిటీకి నిలబడుతోంది. పెద్దలు నవ్వుతున్నరు. ఆ పిల్ల నల్లా దగ్గర లైన్లో నిలబడి ఒక్కొక్కరితో మాట్లాడుతోంది. నేనూ బిందె పట్టుకుని ఆమె పక్కన నిలబడుతున్న.