సంతకం బరువెంత?

1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాదాపు 160 కిలోమీటర్ల అవతల చేపలు పడుతున్న జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలో 23 మంది ఉన్నారు. ఒళ్లు కమిలి, జుట్టు ఊడుతుండగా ఇంటికి చేరారు. రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి సెప్టెంబరులో చనిపోయాడు.

రేడియేషన్ భయంతో జపాన్‌లో చేపలు కొనేవాళ్లు కరువయ్యారు. టోక్యోలోని సుగినామి వార్డులో చేపల దుకాణాలవాళ్లు, కలిసి పుస్తకాలు చదువుకునే గృహిణులు హైడ్రోజన్ బాంబుల్ని నిషేధించాలనే కాగితాలు పట్టుకుని గడప గడపకూ తిరిగారు. వార్డు జనాభా సుమారు 3,90,000. రెండు నెలలు తిరగకుండానే 2,60,000కు పైగా సంతకాలు వచ్చాయి. ముగ్గురిలో ఇద్దరన్నమాట! 1955 ఆగస్టు నాటికి దేశమంతటా 3 కోట్లు దాటాయి. అప్పటి జపాన్ జనాభా 9 కోట్ల లోపే.

దీనికంటే పెద్ద అంకె ఇంకోటుంది. అణ్వస్త్రాల్ని నిషేధించమన్న 1950 నాటి స్టాక్‌హోం విజ్ఞప్తి మీద ఒక్క సోవియట్ యూనియన్‌లోనే 11 కోట్ల 50 లక్షల మంది సంతకం చేశారని ప్రకటించారు. దాదాపు పెద్దవాళ్లంతా చేసినట్టే. కానీ ‘నేను చెయ్యను’ అనే వీల్లేని చోట సంతకానికి బరువేముంటుంది? సుగినామిలో తలుపు వేసేసుకునే హక్కు ప్రతి ఇంటికీ ఉంది. అయినా తెరిచారు. నా దృష్టిలో అసలు కొలత అదే.

ఫలితాన్ని బట్టి కొలుద్దామన్నా తొందరపడకూడదు. 1982 జూన్ 12న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా చేరిన జనం సుమారు 10 లక్షలని అంచనా. ఆ తర్వాత కూడా ప్రపంచంలో అణ్వస్త్రాలు పెరుగుతూనే పోయి, 1986లో 70,000 మార్కు తాకాయి. ఆ ఏడు లెక్క తీసినవాళ్లు ఉద్యమం ఓడిందనే అనుకుని ఉంటారు. మరుసటి ఏడు డిసెంబరులోనే రీగన్, గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇప్పుడున్నవి దాదాపు 12,000. ఈ తగ్గుదలలో జనం వాటా ఎంతో విడదీసి చూపే తక్కెడ లేదు.

జనం చేత్తో ఇచ్చినదాన్ని మాత్రం లెక్కపెట్టవచ్చు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1958 చివర మొదలైన సర్వేకి తల్లులు పిల్లల ఊడిన పాలపళ్లు పంపారు. అణు పరీక్షల ధూళిలోని రేడియోధార్మిక స్ట్రాన్షియం-90 గడ్డిలోకి, ఆవుపాలలోకి, అక్కణ్ణుంచి కాల్షియంలా పిల్లల పళ్లలోకి చేరుతుంది. పన్ను ఇచ్చిన పిల్లలకు చిన్న బ్యాడ్జీ ఇచ్చేవారు. మొత్తం 3 లక్షలకు పైగా పళ్లు వచ్చాయి. 1963లో గాలిలో అణు పరీక్షలకు అడ్డుకట్ట వేసిన ఒప్పందం వెనక ఆ పళ్లు రేపిన ఆందోళనా ఉంది.

2001లో అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాత గోదాంలో దాదాపు 85,000 పళ్లు బయటపడ్డాయి. చిన్న చిన్న కవర్లలో, ఒక్కో పన్నూ ఏ బిడ్డదో, ఆ బిడ్డ ఎప్పుడు పుట్టిందో రాసిన కార్డుతో సహా.