తీరంలో రెండు గడియారాలు: ఎండ, ఆటుపోట్లు

కాకినాడ తీరంలో జనవరి ఉదయం. సముద్రం వైపు చూస్తే తూర్పున లేచిన సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. నీటి అంచున తిరిగే పక్షులు నల్లటి నీడల్లా మాత్రమే కనిపిస్తాయి. అదే సముద్రానికి వీపు తిప్పి నిలబడితే, ఇసుక దిబ్బల మీది జిల్లేడు పొదలు వెలుగులో స్పష్టంగా ఉంటాయి. అందుకే తూర్పు తీరంలో ఉదయపు నడకను సీతాకోకచిలుకలతో మొదలుపెట్టడం మేలు.

ఎగరడానికి కావలసిన వేడిని సీతాకోకచిలుకలు ఎక్కువగా ఎండ నుంచే తీసుకుంటాయి. చాలా జాతుల్లో ఛాతీ కండరాలు సుమారు 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గానీ రెక్కలు చురుగ్గా ఆడవు. అందుకే పొద్దున్నే ఆకుల మీద రెక్కలు పరచుకుని కూర్చుంటాయి. వాటిని తీరిగ్గా చూడగలిగే సమయం అదే. ఎండ ముదిరాక చాలావరకు రెక్కలు మూసుకుని నీడకు చేరతాయి.

జిల్లేడు దగ్గర తరచూ కనిపించేది నారింజ రంగు రెక్కలకు నల్లటి అంచు ఉన్న ప్లెయిన్ టైగర్. దీని గొంగళిపురుగులు జిల్లేడు ఆకులు తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఆ చేదు ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ ఆ రంగు జోలికి రాదు. పిచ్చిమొక్క అని జిల్లేడును నరికేస్తే పోయేది ఈ సీతాకోకచిలుకల పురిటిల్లే.

మధ్యాహ్నానికి సూర్యుడు పడమటికి వాలతాడు. ఇప్పుడు వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి సముద్రం వైపు చూడవచ్చు. అయితే తీరపక్షులు నడిచేది ఎండను బట్టి కాదు, ఆటుపోట్లను బట్టి. ఇక్కడ పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈరోజు నీరు తగ్గిన వేళ కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా తగ్గుతుంది. కోరింగ మడ అడవుల ముందున్న బురద మేటలు నీరు తగ్గినప్పుడే బయటపడతాయి. అందులోని పురుగులు, నత్తలే ఈ పక్షుల ఆహారం.

చలికాలంలో ఇక్కడికి వచ్చే గ్రేట్ నాట్ గుడ్లు పెట్టేది ఈశాన్య సైబీరియాలో. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పున్న జాతి ఇది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ బురదలోనే, నీరు తగ్గి ఉండే కొన్ని గంటల్లోనే కూడబెట్టుకోవాలి. ఫోటో కోసం దగ్గరికి వెళ్లి గుంపును లేపిన ప్రతిసారీ ఆ నిల్వలో కొంత ఖర్చవుతుంది, తినే సమయమూ తగ్గుతుంది.

ఎంత దూరంలో ఆగాలో పక్షే చెబుతుంది. ముక్కుతో బురద పొడవడం మానేసి తల ఎత్తిందంటే, రెండడుగులు వెనక్కి వేయాలి. అది మళ్లీ తల దించిన చోటే చూసేవారి హద్దు.